నల్లగొండ నీళ్లు, స్పానిష్ క్రియలు

నల్లగొండ పేరు మెక్సికోలో కూడా కొందరికి తెలుసు. ఆ కొందరూ నీటి ఇంజనీర్లు. అగ్వాస్‌కాలియెంతెస్, సాన్ లూయీస్ పొతొసీ, దురాంగో లాంటి రాష్ట్రాల్లో మనకున్న బాధే ఉంది: బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఆ నీళ్లను బాగుచేసే మార్గాల గురించి స్పానిష్‌లో వచ్చిన రాతల్లో 'తెక్నికా నల్గొండా' అనే మాట తగులుతుంది. నల్లగొండ పద్ధతి అన్నమాట. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన ఈ పద్ధతిలో పెద్ద యంత్రాలేమీ లేవు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ చాలు. జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నడుములు వంగిపోయిన మనుషుల వల్ల ఒక ఊరి పేరు ప్రపంచానికి తెలియడం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అయినా ఆ పేరు అక్కడిదాకా పోయింది.

మెక్సికో పల్లెలో ఒక ఇల్లాలికి ఆ పద్ధతిని నేర్పుతున్నారనుకుందాం. ఆమెను 'మీరు' అనే పిలవాలి. మాటలు ఇలా సాగుతాయి. బకెట్ నింపండి: యేనే. సున్నం వేయండి: అగ్రెగే. పటిక కలపండి: అన్యాదా. బాగా కలియబెట్టండి: మెస్‌క్లే. గంటసేపు తేరనివ్వండి: దేహే. వడగట్టండి: ఫిల్త్రే. ఇక తాగండి: బేబా.

శ్రోతలు చెవిపెట్టి వింటే ఒక సంగతి దొరుకుతుంది. ఆ ఏడు మాటల్లో అయిదు 'ఏ' తో ముగిశాయి, రెండు 'ఆ' తో ముగిశాయి. స్పానిష్ నేర్చుకునేవాళ్లను ఏడాది తిరిగేసరికి పట్టుకుని పీడించే 'వర్తమాన సబ్‌జంక్టివ్' అంటే ఇదే. పేరు వింటే జ్వరం వస్తుంది గానీ, పని చూస్తే పటిక నీళ్లంత మామూలు. హైదరాబాదులో స్పానిష్ చదివే నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలు దీన్ని ఇంగ్లిషు దారిన కాకుండా నేరుగా తెలుగు దారిన పట్టుకుంటే సగం బరువు తగ్గుతుందన్నది ఈ ప్రసంగం చెప్పదలచిన మాట.

ముందు రూపం సంగతి తేల్చేద్దాం. స్పానిష్ క్రియలన్నీ మూడు కుటుంబాలు. ఆర్‌తో ముగిసేవి, ఏర్‌తో ముగిసేవి, ఈర్‌తో ముగిసేవి. అబ్లార్ అంటే మాట్లాడటం, కొమేర్ అంటే తినడం, బిబీర్ అంటే బతకడం. మామూలు వర్తమానంలో 'ఆబ్లా' అంటే మాట్లాడతాడు, మాట్లాడుతుంది. 'కోమే' అంటే తింటాడు. 'బీబే' అంటే బతుకుతాడు. ఆర్ కుటుంబానికి 'ఆ', మిగతా రెండిటికీ 'ఏ'. ఇది జరిగే పనిని జరుగుతున్నట్టు చెప్పే తీరు. అదే పని జరగాలని కోరినా, జరగనీ అని విడిచిపెట్టినా, జరుగుతుందో లేదోనని అనుమానపడినా అచ్చులు తారుమారవుతాయి. ఆబ్లా కాస్తా ఆబ్లే అవుతుంది. కోమే కాస్తా కోమా అవుతుంది. బీబే, బీబా అవుతుంది. మన పల్లెల్లో కుండమార్పిడి పెళ్లిళ్లలాగా ఈ ఇంటి అచ్చు ఆ ఇంటికి, ఆ ఇంటి అచ్చు ఈ ఇంటికి. ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయింది.

పూర్తి వరస ఇదీ. నేను, నువ్వు, అతను, మనం, మీరు, వాళ్లు అన్న క్రమంలో: ఆబ్లే, ఆబ్లేస్, ఆబ్లే, అబ్లేమోస్, అబ్లేయిస్, ఆబ్లేన్. తినడానికి: కోమా, కోమాస్, కోమా, కొమామోస్, కొమాయిస్, కోమాన్. బతకడానికీ ఇదే అచ్చు, ఇదే వరస. పైన ఇల్లాలితో అన్న మర్యాద 'మీరు'కు మూడో రూపమే. అయిదోదైన 'మీరు' రూపం స్నేహితుల గుంపును పలకరించేది, ప్రధానంగా స్పెయిన్‌లో వాడుక. లాటిన్ అమెరికాలో ఆ చోట ఆరో రూపమే వస్తుంది. నేను, అతను రూపాలు రెండూ ఒకటే కావడం వల్ల ఎవరి సంగతో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అంతకు మించి ఇందులో బట్టీ పట్టాల్సింది లేదు.

చెవికి సంబంధించిన చిన్న మాట. ఇంగ్లిషు వాళ్లకు మాట చివరి అచ్చును నలిపి మింగేసే అలవాటు. ఆబ్లాకూ ఆబ్లేకూ తేడా వాళ్లకు త్వరగా వినిపించదు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు మారితే అర్థం మారుతుందని మనకు పాలు తాగే వయసు నుంచే తెలుసు. ఈ లాభాన్ని మన స్పానిష్ క్లాసుల్లో వాడుకోవచ్చు.

రాతలో ఒక పేచీ ఉంది. అగ్రెగార్ అనే క్రియకు సబ్‌జంక్టివ్ రాసేటప్పుడు స్పానిష్‌లో 'గ' శబ్దం కాపాడటానికి మధ్యలో ఒక 'యు' అక్షరం దూర్చాలి. లేకపోతే ఆ అక్షరం 'హ'గా మారిపోతుంది. తెలుగు లిపిలో 'గ' ఎక్కడున్నా 'గ'యే కాబట్టి ఈ బాధ మనకు కనిపించదు, నోటికి అసలే తగలదు. నోట్‌బుక్‌లో మాత్రం తగులుతుంది. పరీక్షలో మార్కులు పోయేది ఇలాంటి చోటే.

ఇప్పుడు అసలు విషయం. రూపం ఒక పూటలో వస్తుంది. ఎప్పుడు వాడాలన్నదే ఏళ్లకు గానీ రాదని అంటారు.

తెలంగాణలో పదో తరగతి తెలుగు చదివిన ప్రతి పిల్లా పిల్లవాడికీ వాక్యాల రకాలు తెలుసు. ఆశీర్వార్థకం, ప్రార్థనార్థకం, విధ్యర్థకం, నిషేధార్థకం, అనుమత్యర్థకం, సందేహార్థకం. రెండు మార్కుల ప్రశ్న కోసం చదివి మరిచిపోయే జాబితా ఇది. మాడ్రిడ్‌లోనో మెక్సికో సిటీలోనో వ్యాకరణ పుస్తకం తెరిస్తే సబ్‌జంక్టివ్ అధ్యాయంలో ఉండేవి దాదాపు ఇవే గదులు. మనం ఒక్కో గదికి ఒక్కో ప్రత్యయం పెట్టుకున్నాం: పడాలె, పడనీ, పోవద్దు, వస్తడేమో. స్పానిష్ వాళ్లు అన్నిటికీ ఒకే అచ్చు మార్పుతో సరిపెట్టారు. 'మాట్లాడుదాం' అనే మన పిలుపు కూడా ఇందులోనే ఉంది. అబ్లేమోస్ అంటే మాట్లాడుదాం, కొమామోస్ అంటే తిందాం. నిషేధం సంగతి మరీ దగ్గరగా ఉంటుంది. స్నేహితుడితో 'మాట్లాడు' అనడానికి స్పానిష్‌లో ఆబ్లా చాలు. 'మాట్లాడకు' అనాలంటే మాత్రం సబ్‌జంక్టివ్ కావాలి: నో ఆబ్లేస్. మనకూ 'మాట్లాడు'కు ముందు ఓ 'కాదు' తగిలిస్తే నిషేధం కాదు, మాట రూపమే మారాలి.

ఈ గదుల్లో నల్లగొండకు బాగా పరిచయమైనది ఒకటుంది. గోడల మీద ఎర్రరంగుతో రాసిన 'వర్ధిల్లాలి'. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, ఆ తర్వాత దశాబ్దాల ఊరేగింపులు ఆ మాటను ఈ జిల్లా నాలుక మీద నిలబెట్టాయి. స్పానిష్‌లో దానికి సరిసమానం 'వీవా', అక్కడి ఉచ్చారణలో బీబా. బిబీర్ అనే మామూలు క్రియకు ఇప్పుడు చెప్పుకున్న మామూలు మార్పే అది. బతుకుతుంది అనడం కాదు, బతకాలి అనడం. 1810లో పూజారి మిగేల్ ఇదాల్గో దొలోరెస్ ఊళ్లో తిరుగుబాటుకు పిలుపిచ్చిన జ్ఞాపకంగా, ఏటా సెప్టెంబరు 15 రాత్రి మెక్సికో అధ్యక్ష పీఠంలో ఉన్నవారు ప్యాలెస్ బాల్కనీ నుంచి దేశం పేరు చెప్పి మూడుసార్లు ఈ మాటే అరుస్తారు. కింద చౌకులో జనం బదులు పలుకుతారు. వీరులందరినీ కలిపి అన్నప్పుడు బహువచనం, బీబాన్. సూర్యాపేట సభలు చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు.

మహబూబ్‌నగర్ వైపు స్పానిష్ రావడానికి మరో దారి ఉంది. అది అనంతపురం మీదుగా వస్తుంది. బార్సెలోనాలో 1920లో పుట్టిన విసెంతే ఫెర్రేర్ 1952లో జెస్యూట్ మిషనరీగా మన దేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పనిచేశాడు. అక్కడ పెద్దలకు కంటగింపై 1968లో దేశం వదలాల్సి వచ్చింది. తిరిగి వచ్చి 1969లో అనంతపురంలో స్థిరపడి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టాడు. 2009లో ఆ జిల్లాలోనే కన్నుమూశాడు. ఆ ట్రస్టు పని తర్వాత్తర్వాత శ్రీశైలం చుట్టూ నల్లమలకు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా చెంచుపెంటల దాకా పాకింది. దానికి డబ్బు చాలావరకు స్పెయిన్ ఇళ్ల నుంచి వస్తూ వచ్చింది. ఒక్కో కుటుంబం ఒక్కో బిడ్డ చదువుకు తోడుంటుంది. ఆ కుటుంబాలకూ ఈ బిడ్డలకూ మధ్య ఉత్తరాలు నడుస్తాయి. స్పానిష్ ఉత్తరాన్ని తెలుగులోకి, తెలుగు ఉత్తరాన్ని స్పానిష్‌లోకి తెచ్చే అనువాదకులు అనంతపురంలో పనిచేస్తుంటారు.

ఎవరైనా దూరదేశంలో ఉన్న పిల్లకు ఏం రాస్తారు? బాగా చదువుకోవాలి. ఈ బహుమతి నీకు నచ్చాలి. మీ ఊళ్లో వానలు పడాలి. అమ్మానాన్నలకు సాయపడాలి. ఇలాంటి మాటలన్నీ కోరికలే, అందుకే వాటిలో అడుగడుగునా సబ్‌జంక్టివ్ పలుకుతుంది. 'ఎస్పేరో కే ఎస్తూదియేస్' అంటే నువ్వు చదువుకోవాలని ఆశిస్తున్నాను. 'ఎస్పేరో కే తే గూస్తే' అంటే నీకు నచ్చుతుందని ఆశ. ఎస్తూదియార్, గుస్తార్ రెండూ ఆర్ కుటుంబమే, రెండూ నికార్సైన క్రమ క్రియలు. అనువాదకుడికి ఇక్కడ తడబాటు ఉండదు. తెలుగులో 'ఆలని' అని వచ్చినచోట స్పానిష్‌లో అచ్చు మార్చేస్తే చాలు. 'సల్లగుండు బిడ్డా' అని ఇక్కడి అవ్వ రాయించిన దీవెన అక్కడి ఇంటికి చేరేదీ ఈ రూపంలోనే.

కోరికల మాటల్లో 'ఓహలా' అని ఒకటుంది. అది వాక్యం మొదట వస్తే వెనకాల సబ్‌జంక్టివ్ తప్పనిసరి. 'ఓహలా రెగ్రేసేన్' అంటే వాళ్లు తిరిగి రావాలె దేవుడా అని. స్పెయిన్‌లో 711 నుంచి 1492 దాకా ముస్లిం రాజ్యాలు ఉన్నాయి. దేవుడు తలిస్తే అని చెప్పే అరబ్బీ పలుకుబడి అప్పుడే స్పానిష్‌లో దిగి స్థిరపడిపోయింది. నిజాం పాలన చూసిన పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, 'ఇన్షా అల్లా' అన్న మాట అర్థం కానివాళ్లు ఉండరు.

ఆ 'తిరిగి రావడం' అన్న క్రియ దగ్గరే కాస్త ఆగాలి.

పాలమూరు లేబరు అంటే దేశమంతటా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ తవ్వినా ఆ చేతులు ఉండేవి. ముంబయి, పుణెలకు పోయిన కొడుకు కోసం ఊళ్లో ముసలాళ్లు ఎదురుచూడటం ఆ జిల్లాలో కొన్ని తరాల అనుభవం. మెక్సికోకూ అదే కథ ఉంది. 1942 నుంచి 1964 దాకా 'బ్రసేరో' పేరుతో అమెరికా పొలాల్లోకి లక్షలాది కూలీలు వెళ్లారు. ఇంటి నుంచి పోయే ప్రతి కబురులో ఒకటే మాట: నువ్వు వచ్చినప్పుడు. దీన్ని స్పానిష్‌లో రెండు రకాలుగా అనొచ్చు. 'క్వాందో రెగ్రేసాస్' అంటే నువ్వు వచ్చినప్పుడల్లా. ఏటా వస్తూ పోతూ ఉంటాడు, అది జరిగే పనే. 'క్వాందో రెగ్రేసేస్' అంటే నువ్వు వచ్చినంక. ఇంకా రాలేదు, వస్తాడో లేదో ఎవరికి తెలుసు. అప్పుడు చెల్లి పెళ్లి చేద్దాం, అప్పుడు ఇంటి మీద రేకులు మారుద్దాం. 'క్వాందో' తర్వాత ఏది రావాలో తెలియక ప్రపంచమంతటా విద్యార్థులు తల పట్టుకుంటారు. తెలుగు పిల్లలకు చిటికెలో పోయే తలనొప్పి ఇది. 'అప్పుడల్లా' అని పెట్టి చూడాలి. వాక్యంలో ఆ 'అల్లా' ఇమిడితే మామూలు వర్తమానం. ఇమడకపోతే, పని ఇంకా జరగాల్సి ఉంటే, సబ్‌జంక్టివ్.

అన్నిచోట్లా తెలుగు చేయిపట్టి నడిపిస్తుందనుకుంటే పొరపాటు. ఒకచోట సరిగ్గా గోతిలో దించుతుంది. 'నాకు చదవాలని ఉంది', 'నువ్వు చదవాలని నాకు ఉంది' అని మనం రెండు చోట్లా 'ఆలని' వాడతాం. స్పానిష్ ఒప్పుకోదు. కోరేవాడు, చేసేవాడు ఒక్కడే అయితే క్రియ మూలరూపమే రావాలి: 'కియేరో ఎస్తూదియార్'. కోరేది ఒకరు, చేసేది ఇంకొకరు అయితేనే మధ్యలో 'కే' పడి అచ్చు మారుతుంది: 'కియేరో కే ఎస్తూదియేస్'. మన పిల్లలు మొదటిదాంట్లోనూ 'కే' పెట్టి సబ్‌జంక్టివ్ వేసేస్తారు. పట్టుకుని సరిచేయాల్సిన తప్పు ఇదే. అందుకు ఒక గుర్తు ఉంది. ఆశ ఒకరిది, పని మరొకరిదీ అయినప్పుడే అచ్చు మారుతుంది.

ఇంకో చిక్కు. 'తెలుగు మాట్లాడే డాక్టరు కావాలి' అన్నామంటే ఎవరో ఒక డాక్టరు చాలు, ఉన్నాడో లేడో తెలియదు. స్పానిష్‌లో అక్కడ ఆబ్లే. 'తెలుగు మాట్లాడే ఆ డాక్టరు ఏడీ' అంటే ఫలానా మనిషి, ఉన్నాడని తెలుసు. అక్కడ ఆబ్లా. తెలుగులో 'మాట్లాడే' రెండుచోట్లా కదలదు. మనం 'ఎవరన్నా', 'ఆ' అనే చిన్న మాటలతో పని జరుపుకుంటాం. ఈ గదిలో తెలుగు విద్యార్థి క్రియను నమ్ముకోకుండా ఆ చిన్న మాటను పట్టుకోవాలి. నమ్మకం, అనుమానాల సంగతి తేలిక: 'మాట్లాడతడనుకుంట' అంటే ఆబ్లా, 'మాట్లాడతడని అనుకోను' అంటే ఆబ్లే.

క్లాసుల్లో జరుగుతున్నది వేరు. చాలాచోట్ల పాఠం ఇంగ్లిషులో నడుస్తుంది. ఇంగ్లిషులో ఈ తేడా దాదాపు అరిగిపోయింది. ఆశించినా, చెప్పినా, ఎదురుచూసినా క్రియ ఒకటే ఉంటుంది. తెలుగులో స్పష్టంగా ఉన్న కోరికను ముందు ఇంగ్లిషులోకి దించి చెరిపేసి, మళ్లీ స్పానిష్‌లో కొత్తగా పుట్టించమనడం విద్యార్థికి రెండింతల చాకిరీ. పంతుళ్లను తప్పుపట్టడం కాదు గానీ, ఇంగ్లిషు వాళ్ల కోసం రాసిన పుస్తకం ఇంగ్లిషు వాళ్ల కష్టాలకే మందు చెబుతుంది. మన కష్టాలు వేరు, మన సుళువులు వేరు.

మందుల మాట వచ్చింది కాబట్టి మరొక్క సంగతి. మిర్యాలగూడ దగ్గర పెద్దదేవులపల్లిలో డాక్టర్ రెడ్డీస్ సంస్థకు మందుల ముడిసరుకు ప్లాంటు ఉంది. అదే సంస్థ 2005లో మెక్సికోలోని కుయెర్నవాకాలో రోష్ కంపెనీ ప్లాంటును కొన్నది. స్పానిష్ దేశాల్లో ఏ మందు పెట్టె విప్పినా లోపలి కాగితం మీద ఉండేది సబ్‌జంక్టివే: 'లేయా', అంటే చదవండి. 'కొన్సేర్బే', అంటే భద్రపరచండి. 'కొన్సూల్తే', అంటే డాక్టరును అడగండి. 'నో తోమే', అంటే వేసుకోవద్దు. రోగికి మర్యాదగా చెప్పే ప్రతి మాటా ఈ రూపంలోనే ఉండాలి. చివరి అచ్చు జారితే ఆ మర్యాద కాస్తా 'నువ్వు' అయిపోతుంది, లేదా ఆజ్ఞ పోయి వార్త అవుతుంది.

సేర్, ఎస్తార్, ఇర్, అబేర్, సబేర్, దార్ అని ఆరు మొండిఘటాలు క్రమ క్రియల వరసకు పూర్తిగా లొంగవు. మధ్య అచ్చు కూడా మార్చుకునే క్రియలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిని తర్వాత చూసుకోవచ్చు. క్రమ క్రియల మీద నోరు తిరగకముందే వాటి వెంట పడితే రెండూ పోతాయి.

స్పానిష్ ఇరవై దేశాల్లో అధికార భాష. దాదాపు 50 కోట్ల మందికి అమ్మ భాష. హైదరాబాదులో 1958లో మొదలై, 2007 నుంచి ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా నడుస్తున్న సంస్థలో స్పానిష్‌లో బీఏ, ఎంఏ చదవొచ్చు. ఉస్మానియా పక్కనే ఉంది. ఇంటర్ పాసైన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన సెర్వాంతెస్ సంస్థకు ఢిల్లీలో కేంద్రం ఉంది. ప్రపంచమంతటా చెల్లే 'దేలే' పరీక్షలు ఆ సంస్థవే. వాటిలో వర్తమాన సబ్‌జంక్టివ్ మూడో మెట్టయిన బీ1 దగ్గర గట్టిగా ఎదురవుతుంది.

ఆ మెట్టు దాకా వచ్చిన నల్లగొండ, పాలమూరు పిల్లలకు ఒక మనవి. పదో తరగతి తెలుగు వాచకం పాతసామాన్ల వాడికి వేసేయకండి. వాక్యాల రకాలున్న పేజీ చింపి స్పానిష్ నోట్‌బుక్‌లో అంటించుకోండి, ఒక్కో రకానికి ఎదురుగా రెండేసి స్పానిష్ వాక్యాలు రాసుకోండి. సందేహం వస్తే ముందు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆ మాట అని చూసుకుని, అప్పుడు క్లాసులో చెయ్యెత్తండి.